ఎడమచేతి గిటారు దొరకదన్నరు

నా కొలువే తప్పులు పట్టుడు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాల ఒక బేరింగుల కంపెనీల ఇన్‌స్పెక్షన్ టేబుల్ కాడ కూసుంట. బండ్ల చక్రాలల్ల పడే ఇనుప రింగులు ట్రేలల్ల నా ముందుకు వస్తయి. ఒక్కొక్కదాన్ని చేతుల తిప్పి, లైటు కింద పట్టి, కొలిచే గేజీ పెట్టి చూస్త. వెంట్రుకంత గీత ఉన్నా పనికిరాదని ఎర్ర డబ్బాల వేస్త. సూపర్‌వైజర్ వచ్చి "మేడమ్, జెర చూసీ చూడనట్టు పోనియ్యి, లోడు పోవాలె" అంటడు. "నువ్వు సంతకం పెట్టు, పోనిస్త" అంట. ఇంతవరకు ఎవ్వరూ పెట్టలే. పన్నెండేండ్ల సంది ఇదే పని.

అసుంటి నన్ను మ్యూజిక్ సామాను అమ్మే ఒకాయన నిండు పగలు మోసం చేసిండు. ఆ కోపం ఇంకా చల్లారలే. ఆయన మీద ఎంత కోపమో నా మీద నాకు అంతకన్న ఎక్కువ. అది ఎందుకో చెప్పాలంటే ముందు మా ఆయన చెయ్యి సంగతి చెప్పాలె.

మా ఆయన ప్రెస్ ఆపరేటర్. వేరే కంపెనీల రేకులు కొట్టే మిషన్ మీద పని. ఆ మిషన్‌కు చేతులు లోపలికి పోకుండ ముందట ఒక జాలీ ఉండాలె. జాలీ ఉంటే ప్రతిసారి తెరుసుడు, మూసుడు, పని ఆలస్యం అయితదని దాన్ని ఊడదీసి గోడకు ఆనిచ్చి పెట్టిన్రు. తీసింది మా ఆయన కాదు. పోయింది మాత్రం ఆయన వేళ్ళు. ఎడమచెయ్యి ఉంగరం వేలు, చిటికెన వేలు, రెండూ మొదలుకంట పోయినయి. దవాఖానకు కంపెనీ మనిషి ఒకడు వచ్చిండు. పండ్ల కవరు మంచం మీద పెట్టి "జెర జాగ్రత్తగ ఉండాలె కదన్నా" అన్నడు. నేను ఆ కవరు తీస్కపోయి వార్డు బయట బల్ల మీద పెట్టి వచ్చిన. నోరు తెరిచి ఒక్క మాట అనలే. 

పట్టీలు ఇప్పినంక కంపెనీ ఆయనను మళ్ళ పనిల పెట్టుకున్నది. గేటు కాడ కుర్చీ వేసి, వచ్చిపోయే లారీల నంబర్లు రాయమన్నరు. చూసినోళ్ళు "మంచి కంపెనీ, తీసెయ్యలే" అన్నరు.

మా ఆయనకు గిటారు పానం. పెండ్లికి ముందు సంగారెడ్డి అవతల వాళ్ళ ఊరి చర్చిల నేర్చుకున్నడు. బీరంగూడకు కిరాయికి వచ్చినంక ఇక్కడ ఒక ఇంటి మీద రేకుల షెడ్డుల నడిచే మా చిన్న చర్చిల ప్రతి ఆదివారం ఆయనదే వాయిద్యం ఉండె. పెద్ద పండితుడేం కాదు. కానీ పాట ఎత్తుకునేటోళ్ళ గొంతు ఎటు పోతే అటు పోయేటోడు. ఎవరన్న శృతి తప్పితే ఆయనే కిందికి దిగి వాళ్ళను పట్టుకొని పైకి తెచ్చేటోడు. వాళ్ళకు తప్పినమని గూడ తెల్వకపోయేది.

గిటారుల తీగెలు నొక్కి పట్టేది ఎడమచెయ్యి, మీటేది కుడిచెయ్యి. రెండు వేళ్ళు పోయినంక ఒక్కనాడు ప్రయత్నం చేసిండు. ఒక అరగంట గోడ దిక్కు తిరిగి కూసున్నడు. తెల్లారి గిటారును తీస్కపోయి పాస్టరుకు ఇచ్చిండు. "ఎవరికన్న ఇయ్యిండ్రి" అన్నడు. అది అటునుంచి ఏ ఊరికి పోయిందో మాకు తెల్వదు. ఆ తర్వాత చర్చికి వస్తుండె గానీ ఆఖరి వరుసల కూసునేటోడు. చెయ్యి ప్యాంటు జేబుల పెట్టుకునేటోడు.  ఇంటికి వచ్చి అన్నం తినేటప్పుడు గూడ ఎడమచెయ్యి ఒడిల దాసుకునేటోడు. మా ఇంట్ల నేను తప్ప ఎవరున్నరు దాసుకోనికి?

ఇట్ల చూసి చూసి నాకు కీబోర్డు ఆలోచన వచ్చింది. తీగెలు నొక్కి పట్టుడు ఉండదు. కుడిచెయ్యి మంచిగున్నది, ఎడమచెయ్యి మూడు వేళ్ళు ఉన్నయి. పాస్టరు భార్య, మా పాస్టరమ్మను అడిగిన, "మంచి ఆలోచన" అన్నది. మా అక్కను అడిగిన, ఆమె గూడ అదే మాట. ఆయనకు చెప్పకుండ తెచ్చి ముందట పెడ్దమనుకున్న.

మొదలు కిష్టారెడ్డిపేటల ఒక దుకాణానికి పోయిన. ఆడ బొమ్మ కార్లు, టెడ్డీ బేర్‌లు, కీబోర్డులు ఒకటే వరుసల ఉన్నయి. కీబోర్డు మెట్టు నొక్కితే పిల్లి అరిచింది, ఇంకోటి నొక్కితే కుక్క. బయటికి వచ్చిన. తర్వాత బస్సెక్కి సిటీ దిక్కు ఒక పెద్ద షోరూంకు పోయిన. అద్దాల నడుమ నల్లటి పియానోలు. నేను డ్యూటీ చీర మీదనే ఉన్న. అమ్మే పిల్ల నన్ను మీదికి కిందికి చూసి "పిల్లల కోసమా ఆంటీ?" అన్నది. "మా ఆయనకు" అన్న. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకున్నది. నేను నిలబడ్డ. "ఇది ఒత్తి చూడొచ్చా?" అని అడిగి ఒక డిజిటల్ పియానో మెట్టు మీద వేలు పెట్టిన.

ఆ మెట్టు బరువు ఉన్నది. మెల్లగ ఒత్తితే మెల్లగ పలికింది, గట్టిగ కొడితే గట్టిగ పలికింది. వేలు తీస్తే వేలు వెంబడే పైకి వచ్చింది. ఏ మెట్టు చూసినా పక్క మెట్టుకు సమానంగ ఉన్నది, ఎక్కడ సందు లేదు, ఊగుడు లేదు. నాకు సంగీతం రాదు. కానీ మంచి పనితనం అంటే ఏందో నా వేళ్ళకు తెలుసు. మంచి వాయిద్యం అంటే ఇట్ల ఉండాలె అని ఆడ్నే సమజ్ అయింది. అది మేము కొనేది కాదు, మా అర్రల పట్టేది గూడ కాదు. అయినా ఏం చూడాలెనో నేర్చుకున్న అనుకున్న. అంత నేర్చుకొని గూడ మోసపోయిన.

మోసం చేసిన దుకాణం మా బీరంగూడలనే ఉన్నది. ఓనరు తెల్ల చొక్కాయన, నోట్ల తేనె. "అక్కా, కూసో అక్కా, చాయ్ తాగుతవా" అన్నడు. మ్యూజిక్ గురించి అంత చెప్పిండు. మా ఆయన చెయ్యి సంగతి నేనే చెప్పిన. ఎందుకు చెప్పిన్నో ఇప్పటికీ చెంపలు వేసుకుంట. విని "అయ్యో" అన్నడు. ఒక కీబోర్డు ముందట పెట్టిండు.

"దీంట్ల ఎడమచెయ్యి ఒక్క వేలు చాలు అక్కా. ఒక్క వేలు పెడితే డ్రమ్ములు, గిటారు, ఫ్లూటు, ఆర్కెస్ట్రా మొత్తం అదే వాయిస్తది. చూడు."

వేలు పెట్టిండు. నిజంగనే పెండ్లి బ్యాండు లెక్క మోగింది. నేను మెట్లు ఒత్తి చూసిన. షోరూంల చూసినంత కాదు గానీ మెల్లగ ఒత్తితే మెల్లగ, గట్టిగ ఒత్తితే గట్టిగ పలికింది. "ఇదే ఇయ్యిండ్రి" అన్న. "ఇది డెమో పీసు అక్కా, నీకు సీల్ ప్యాక్ ఇస్త" అని లోపలికెళ్ళి డబ్బా తెచ్చిండు. టేపు వేసి ఉండె. నేను డబ్బా ఇప్పి చూడలే. రోజూ వేల రింగులు చూసే దాన్ని, సీలు చూసి నమ్మిన.

ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టిన. డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన చూసిండు. "ఏంది గిది?" అన్నడు. నేను సంబురంగ ప్లగ్గు పెట్టి, దుకాణపాయన చూపిచ్చినట్టు ఒక్క వేలు పెట్టిన. డ్రమ్ములు మోగినయి, గిటారు మోగింది. ఆయన వింటనే ఉన్నడు. మెల్లగ అన్నడు:

"అంత అదే వాయిస్తుంటే ఇగ నేనేం చేయాలె?"

నేను నవ్వి తప్పించిన.  ఆయన నా కోసం రోజూ ఒక గంట కూసున్నడు. బ్యాండు బంద్ చేసి, కుడిచేతితోటి పాటల మెట్లు ఎతుక్కునుడు మొదలువెట్టిండు. నాలుగైదు రోజులల్లనే తప్పులు బయటపడ్డయి. నడుమల ఒక మెట్టు గట్టిగ గుద్దితే తప్ప పలకదు. ఇంకోటి పలికితే ఆగదు. మెల్లగ కొట్టినా గట్టిగ కొట్టినా ఒకటే మోత. రెండు మెట్లు ఒక్కసారి ఒత్తితే ఒకటే వస్తది. ఆయన "నాకే వస్తలేదేమో" అన్నడు. నేను ఒత్తి చూసిన. కంపెనీల రిజెక్ట్ రింగుల మీద పెట్టినట్టు, చెడ్డ మెట్ల మీద ఎర్ర మార్కరు చుక్కలు పెట్టిన. ఐదు చుక్కలు పడ్డయి.

డబ్బా పట్టుకొని ఇద్దరం దుకాణానికి పోయినం. ఒకామె బిడ్డను తోల్కొని వచ్చి గిటార్లు చూస్తున్నది. ఓనరు మా ఎర్ర చుక్కలు చూసి మొఖం మార్చిండు. ఒకటి రెండు మెట్లు ఒత్తినట్టు చేసిండు. తర్వాత నా దిక్కు తిరిగి, వినేటోళ్ళందరు వినేటట్టు చెప్పిండు:

"పీసుల ఏం తప్పు లేదక్కా. సార్‌కు వేళ్ళు సక్కగ లేవు గద. అందుకే సక్కగ పడ్తలేవు."

ఆ తల్లి మా ఆయన చెయ్యి దిక్కు చూసింది. ఆ బిడ్డ చూసింది. మా ఆయన చెయ్యి జేబులకు పోయింది.   డబ్బా ఎత్తుకొని బయటికి వచ్చినం. రోడ్డు దాటినం. దాటినంక నాకు కోపం ఆగలే.  తిరిగి పోయి ఆ అద్దాల బల్ల పలగ్గొట్టాలె అనిపించింది. మా ఆయన నా రెట్ట పట్టుకొని "నడువు" అన్నడు.

మా చర్చి హార్మోనియం చెడిపోతే సంగారెడ్డి పాత బజార్ల ఒక చాచా బాగుచేస్తడని పాస్టరమ్మ చెప్పింది. ఆ వచ్చిన ఆదివారం ఆరాధన అయినంక కీబోర్డుకు తువ్వాల చుట్టి బస్సెక్కినం. చిన్న గల్లీ, చిన్న డబ్బా దుకాణం. గోడకు హార్మోనియం తిత్తులు, ఖవ్వాలీలల్ల వాయించే బ్యాంజోలు వేలాడుతున్నయి. చాచాకు డెబ్బై దాటి ఉంటయి. కండ్లద్దాలు నుదిటి మీదికి జరిపి కీబోర్డును బోర్ల పండబెట్టిండు. స్క్రూలు చూసి ఆగిండు.

"బేటీ, దీన్ని ఎవరు ఇప్పిన్రు?"

"ఎవ్వరు ఇప్పలే చాచా. కొత్తది."

"కొత్తది గాదు. గిటు చూడు."

స్క్రూల తలలు గీక్కపోయి ఉన్నయి. మూత తీసిండు. మెట్ల కింద మెత్తటి రబ్బరు పట్టీలు ఉంటయంట, మెట్టు దిగితే అవి తగిలి సప్పుడు వస్తదంట. ఒక దిక్కు పట్టీ తెల్లగ ఉన్నది, ఇంకో దిక్కు పసుపు. నడుమల కోసి గమ్ముతోటి అతికిచ్చిన్రు. ఎక్కడో ఎవరో వాడి వాపసు ఇచ్చిన పీసును అతుకులేసి, టేపు వేసి, కొత్తదని నాకు అంటగట్టిండు. నేను ఆ గీకిన స్క్రూలు చూడలే. డబ్బాల నుంచి తీసినప్పుడు ఒక్కసారి తిప్పి చూస్తే కనవడేది. ఇంట్ల చెంచా కొన్నా తిప్పి చూసే దాన్ని నేను.

"దీన్ని బాగుచేస్త గానీ" అని చాచా మా ఆయనను చూసిండు. "నీకు ఏం వాయించుడు ఇష్టం బేటా?"

"గిటారు."

"మరి గిది ఎందుకు కొన్నవ్?"

 మా ఆయన ఆ అతుకుల పట్టీలు చూసుకుంట అన్నడు: "నేను కొనలే చాచా. ఈమె కొన్నది. నన్ను ఎవ్వరు అడుగలే."

ఆ మాట ఎంత మెల్లగ అన్నడో.  పాస్టరమ్మను అడిగిన, అక్కను అడిగిన, దుకాణాలల్ల ముక్కు మొఖం తెల్వనోళ్ళను అడిగిన. ఇంట్ల పక్కన పండుకునే మనిషిని అడుగలే.

చాచాకు మా ఇద్దరి నడుమ ఏం నడుస్తుందో తెలిసినట్టున్నది.  లేచి, గోడకున్న ఒక పాత గిటారు తీసి, దుమ్ము తుడిచి మా ఆయన ఒడిల పెట్టిండు. మా ఆయన అలవాటుగ పట్టుకున్నడు. "అట్ల గాదు. ఉల్టా" అని చాచా గిటారును అటు దిక్కు తిప్పిండు. మెడ కుడిచేతికి వచ్చింది.

"నొక్కేది కుడిచేతితోటి. మీటేది ఎడమచేతితోటి. మీటనీకి బొటనవేలు, చూపుడువేలు ఉంటే చాలు గద? నీకు ఉన్నయి గద? ఎడమచేతివాటం ఉన్నోళ్ళు వాయిస్తలేరా? వాళ్ళ కోసం గిటార్లు వేరేగ చేస్తరు."

మా ఆయన ఎడమచెయ్యి తీగెల మీదికి వచ్చింది. బొటనవేలుతోటి ఒక తీగె మీటిండు. సప్పుడు కింద మీద అయింది, తీగెలు ఉల్టా ఉన్నయి గద. అయినా మీటుతనే ఉన్నడు.

"ఒక్క మాట యాది పెట్టుకో" అన్నడు చాచా. "మామూలు గిటారుకే తీగెలు అటుదిటు మార్చి ఎడమచేతిదని అమ్ముతరు. గది తీసుకోకు. గీ మెడ చివర తెల్ల పట్టీ ఉన్నది చూడు, దీంట్ల ఒక్కొక్క తీగెకు దాని లావుకు తగ్గ గాడి ఉంటది. సన్న గాడిల లావు తీగె పెడితే పైనే ఉంటది, లావు గాడిల సన్న తీగె పెడితే గలగలమంటది. కింద గిటారు పొట్ట మీదున్న పట్టీ వంకర గూడ ఎడమచేతి గిటారుకు అటు దిక్కు ఉండాలె. లేకుంటే పైకి పోయినకొద్ది శృతి తప్పుతది."

బస్‌స్టాండుల మా ఆయన కోపం బయటికి వచ్చింది. పెండ్లయినంక అంత గట్టిగ మాట్లాడుడు ఎన్నడు చూడలే. పక్కన కూసున్నోళ్ళు లేచి పోయిన్రు.

"కంపెనీ అడుగలే, గేటు కాడ కుర్చీ వేసిన్రు. చర్చిల అడుగలే, మొదటి వారమే వేరేటాయనను వెతుక్కున్నరు. నువ్వు గూడ అడుగలే. అందరు కలిసి నాకు ఏం వస్తదో, ఏం రాదో మీరే రాసుకున్నరు. నన్ను గూడ ఎర్ర డబ్బాల వేసినవ్ నువ్వు."

"నువ్వే గద గిటారు ఇచ్చేసింది?" అన్న నేను. నాకు గూడ కోపం వచ్చింది.

"ఇచ్చేస్తే? ఎందుకు ఇస్తున్నవని ఒక్కలన్న అన్నరా? ఆగు అన్నవా నువ్వు?"

అనలే. ఆ రోజు నేను వంటింట్ల పప్పు కడుగుతున్న. ఆయన గిటారు భుజానికి వేసుకొని పోతుంటే చూసిన. బాధను తట్టుకుంటున్నడు, ఇబ్బంది పెట్టొద్దు అనుకున్న. చూసీ చూడనట్టు పోనిచ్చిన. బస్సు వచ్చింది, ఎక్కినం. కిటికీల నుంచి చూసుకుంట కండ్లు తుడుసుకున్న. ఆయన ఓదార్చలే, నేను ఓదార్చమని అడుగలే.

శనివారం సాయంత్రం బీరంగూడ దుకాణం నిండుగ ఉంటది. సరిగ్గ అప్పుడే పోయినం. నేను కంపెనీల రాసినట్టే ఒక కాగితం రాసుకపోయిన. బాగుచేయించకుండ చాచా కాడి నుంచి వాపసు తెచ్చుకున్న కీబోర్డును బల్ల మీద పెట్టి, మూత తీసి, అతుకులేసిన రబ్బరు పట్టీలు పక్కన పరిచిన. కాగితం పైకి చదివిన. స్క్రూలు ఇంతకుముందు ఇప్పినయి. పట్టీలు రెండు రకాలు, గమ్ముతోటి అతికినయి. ఐదు మెట్లు సరిగ్గ పలకయి. పాత పీసును కొత్తదని అమ్మిన్రు. నిర్ణయం, రిజెక్ట్.

"అక్కా, లోపలికి రా అక్కా, మాట్లాడుకుందం" అన్నడు ఓనరు.

"నా మొగని వేళ్ళ గురించి ఈడ్నే గద మాట్లాడినవ్? అందరి ముందట? ఇది గూడ ఈడ్నే మాట్లాడుదం."

నా గొంతు రోడ్డు మీదికి వినవడ్డది. చాయ్ డబ్బా కాడి మనుషులు లోపలికి తొంగిచూసిన్రు. ఒకాయన తను కొన్న డబ్బాను ఆడ్నే ఇప్పించి చూసుకునుడు మొదలువెట్టిండు. ఓనరుకు చెమట పట్టింది. "సరే, వేరే కీబోర్డు తీస్కపోండ్రి, ఏది కావాలంటే అది" అన్నడు.

మా ఆయన ముందటికి వచ్చిండు. "కీబోర్డు వద్దు. గిటారు కావాలె. ఎడమచేతిది."

"గసుంటివి దొరకయి సార్. ఎవ్వరు అడగరు గూడ. మీకు ఎందుకు సార్, గీ చెయ్యితోటి..."

నేను నోరు తెరిచిన. మా ఆయన నన్ను చూడలే. ఎడమచెయ్యి తీసి అద్దాల బల్ల మీద పెట్టిండు, వేళ్ళు పరిచి. ఉన్న మూడు, లేని రెండు.

"గీ చెయ్యిని చూసుకుంట చెప్పు" అన్నడు.

ఓనరు ఆ చెయ్యిని చూడలేకపోయిండు. ఫోను తీసి ఎవరికో చేసిండు. దొరకదన్న గిటారు రెండు వారాలల్ల వస్తదన్నడు.

వచ్చింది. పోయి చూసినం. ఈసారి నేను సీలు చూడలే, టేపు చూడలే. మెడ చివర తెల్ల పట్టీ దగ్గర ఫోను లైటు కొట్టి చూసిన. లావు తీగె గాడిల కూసోకుండ పైన నిలబడ్డది. కింద పట్టీ వంకర మామూలు గిటారుదే. చాచా చెప్పిన దొంగపని అదే. "తీగెలు మార్చి తెచ్చినవ్" అన్న. "లేదక్కా, కంపెనీదే అట్ల వస్తది" అన్నడు.  నేను ఆడ్నే స్టూలు మీద కూసున్న. కొననీకి వచ్చినోళ్ళందరు నా దిక్కు చూసేటట్టు కూసున్న. గంట సేపటికి ఆయన "వాపసు పంపుత" అన్నడు.

రెండోసారి వచ్చింది నిజమైన ఎడమచేతి గిటారు. నేను పట్టుకోబోయిన. మా ఆయన "ఆగు, నేను చూస్త" అన్నడు. నా చేతులు వెనక్కు తీసుకున్న. నా బతుకుల అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

ఆయన గిటారును కంటికి సూటిగ పట్టి మెడ వంకర ఉన్నదేమో చూసిండు. తీగెలకూ మెడకూ నడుమ సందు చూసిండు, ఎక్కువుంటే వేలు నొస్తది, తక్కువుంటే కొట్టుకుంటది. ఒక్కొక్క తీగెను మెడ మీది ఒక్కొక్క గడిల నొక్కి మీటిండు, మొదటి నుంచి ఆఖరి దాక. నొక్కకుండ ఊకె మీటినప్పటి శృతి, నడుమల పన్నెండో గడిల నొక్కి మీటినప్పటి శృతి కలుస్తున్నయా అని చెవి ఆనిచ్చి విన్నడు. రెండో తీగె ఐదో గడిల జుయ్యిమన్నది. నాకైతే వినవడలే. "మెడ లోపలి కడ్డీ జెర తిప్పిండ్రి" అని చెప్పి, తిప్పినంక మళ్ళ మొదటి నుంచి చూసిండు. దుకాణపాయన గడియారం చూసుకుంటుండు. చూసుకోనీ అనుకున్న.

ఇంటికి తెచ్చుకున్నంక అంత మంచిగయింది అని రాస్తే అబద్ధం. ఆయన తలకాయకు అంత తెలుసు, కుడిచేతికి ఏం తెల్వదు. ఇరవై ఏండ్ల విద్య ఉన్నది, చెయ్యి మాత్రం మొన్న పుట్టిన పిల్లగాని లెక్క. కుడిచేతి వేళ్ళ కొనలు పొంగి పగిలినయి. ఎడమచేతిల మీటే ప్లాస్టిక్ ముక్క జారి పడిపోయేది, పడ్డప్పుడల్ల తిట్టేటోడు. ఒకనాడు గిటారును మంచం మీద పడేసి బయటికి పోయిండు. నేను దాని మీద దుప్పటి కప్పలే. అట్లనే ఉంచిన. తిరిగి వచ్చి, "దీన్ని మళ్ళ ఇచ్చేద్దునా?" అన్నడు. "ఇయ్యకు" అన్న. అంతే అన్న. ఆయన కూసున్నడు.

గేటు కాడ గూడ మారిండు. ప్రెస్ షాపులకు కొత్తగ వచ్చే బిహార్, ఒడిశా మనుషులను ఆపి, చెయ్యి చూపించి, "జాలీ లేకుంటే మిషన్ మత్ ఛూనా" అని, ముట్టుకోవద్దని చెప్పుడు మొదలువెట్టిండు. మేనేజర్ పిలిచి "నీ పని లారీల నంబర్లు రాసుడు" అన్నడు. "రాస్తనే ఉన్న సార్" అన్నడు ఈయన. చెప్పుడు మాత్రం బంద్ చేయలే. జాలీలు ఇప్పుడు మిషన్లకు ఉన్నయి, ఆఫీసర్లు చూడనీకి వచ్చే రోజు. తెల్లారి మళ్ళ గోడకే. ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పినప్పుడల్ల మా ఇద్దరికి అన్నం సయించదు.

మొన్న ఒక ఆదివారం ఆయన గిటారు తీసుకొని చర్చికి వచ్చిండు. నాకు ముందుగ చెప్పలే. ముందు వరుసల కూసున్నడు. పాస్టరమ్మ కీర్తన ఎత్తుకున్నది, ఈయన వెంట పోయిండు. మొదటి చరణం మంచిగనే పోయింది. రెండో చరణంల చెయ్యి గడి తప్పింది, శృతి ఎటో పోయింది, కొద్దిసేపటికి మళ్ళ దొరికింది. పాట అయిపోంగనే అందరు చప్పట్లు కొట్టిన్రు. ఎప్పుడు కొట్టనంత గట్టిగ. కొందరు కండ్లు తుడుసుకున్నరు. పాస్టరమ్మ "దేవునికి స్తోత్రం" అన్నది.

మా ఆయన లేచి నిలబడ్డడు. మొఖం ఎర్రగయింది.

"చప్పట్లు ఆపుండ్రి" అన్నడు. "రెండో చరణంల తప్పు వాయించిన. మీ అందరికి వినవడ్డది. ఇంతకుముందు తప్పు వాయిస్తే చప్పట్లు కొట్టేటోళ్ళా? మళ్ళ మొదటి నుంచి పాడుదం."

 పాస్టరమ్మ గోడ గడియారం దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూసిన. ఆమె మళ్ళ పాటల పుస్తకం తెరిచింది. రెండోసారి మూడో చరణంల తప్పిండు. ఈసారి ఎవ్వరు చప్పట్లు కొట్టలే. ఎనక నుంచి ఒక ముసలామె, "అయ్యా, నువ్వు ఆగినకాడి నుంచి ఎత్తుకుందమా, మొదటి నుంచా?" అని అడిగింది.

"మొదటి నుంచే అమ్మా" అన్నడు మా ఆయన, మీటే ముక్కను వేళ్ళ నడుమ సరిచేసుకుంట.